కొలిచి పెట్టినవా, అనుకొని పెట్టినవా

నా మొదటి నౌకరి కామారెడ్డిల ఒక చిన్న ఆఫీసుల. కట్టబోయే బిల్డింగును ముందుగాల కంప్యూటర్ల నిలబెట్టుడు నా పని. ఆ కంప్యూటర్ బొమ్మనే మోడల్ అంటరు. అందుల పెట్టిన ఒక్కో వస్తువును ఎంతవరకు నమ్మొచ్చో చెప్పేటందుకు అంకెలతో అంచెలుంటయి. వంద అంటే ఉట్టి ఆకారం. రెండు వందలంటే సుమారు కొలత, మూడు వందలంటే పక్కా కొలత. నాలుగు వందల దాకా పోతే మోడల్ చూసి ఆ వస్తువునే తయారు చెయ్యొచ్చు. ఇదంతా చదివి పరీక్ష కూడా రాసిన. అర్థమైందనే అనుకున్న.

ఎల్లారెడ్డిల మూడంతస్తుల దవాఖాన కట్టాలని ఒక డాక్టరమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఏ లిఫ్ట్ పెట్టాలన్నది ఇంకా తేలలేదు. కంప్యూటర్ల తయారుగా ఉన్న లిఫ్ట్ ఒకటి తెచ్చి మోడల్ల పెట్టిన. దానికి అద్దం, స్టీలు రాడ్డు, బటన్ల మీద అంకెలు కూడా ఉన్నయి. డాక్టరమ్మ చూసి సంబురపడ్డది. మా సారు మెచ్చుకున్నడు. ఫైల్ల ఆ లిఫ్ట్ పక్కన రెండు వందలు అని రాసే పెట్టిన. సైటుకు పోయిన కాగితం మీద ఆ అంకె రాలేదు. కొలత మాత్రం మిల్లీమీటర్లతో సహా అచ్చయింది.

కొన్ని నెలలకు సారు నన్ను సైటు చూసి రమ్మన్నడు. బస్సుల ఎల్లారెడ్డి పోయిన. అక్కడి మేస్త్రి నస్రుల్లాబాద్ పెద్దమనిషి, చాలా ఏండ్లు గల్ఫ్‌ల పనిచేసి వచ్చినాయన. అందరిలెక్కనే నేను కూడా చాచా అన్న. లిఫ్ట్ చుట్టూ గోడలు ఛాతీ ఎత్తుకు లేచినయి. నేను గీసిన గీతలు ఇటుకలైనయని లోపల కొంచెం గర్వపడ్డ.

చాచా సిమెంటు బస్తాల మీద కాగితం పరిచి లిఫ్ట్ మీద వేలు పెట్టిండు.

"బిడ్డా, ఇది కొలిచి పెట్టినవా, అనుకొని పెట్టినవా?"

ఎందుకడుగుతున్నవు అన్న. పొద్దున టేపు పట్టి చూసిండట, పేషెంటు పండుకున్న మంచం ఇందుల పట్టదట. తను పనిచేసిన కాడ ఏ వస్తువును ఎంతవరకు నమ్మొచ్చో కాగితం మీదనే రాసేటోళ్లని చెప్పిండు. ఇక్కడ అద్దం, బటన్లు అన్నీ కనిపిస్తుంటే లిఫ్ట్ ఖరారైందనే అనుకున్నడట.

"గింత సాఫ్‌గ గీస్తే ఎవరైనా నమ్ముతరు," అన్నడు. నింద వేసినట్టు అనలేదు.

ఫైల్ల రాసే ఉన్నదన్న మాట నోటిదాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు. కానీ ఆయన చేతికి వచ్చేది కాగితమే, ఫైలు కాదు.

"అనుకొని పెట్టిన చాచా."

ఆయన కాగితం మడిచి, గోడ పని ఆపమని కూలోళ్లకు చెప్పిండు. కాంట్రాక్టరుకు మాత్రం నువ్వే చెప్పాలె అన్నడు. అక్కడనే నిలబడి కాంట్రాక్టరుకు, మా సారుకు, డాక్టరమ్మకు ఫోన్ చేసిన. కాంట్రాక్టరు గట్టిగనే తిట్టిండు. సారు మధ్యలనే ఫోన్ పెట్టేసిండు. డాక్టరమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, గోడ తీసేస్తే మంచం పడుతదా అని. రెండు పిల్లర్ల నడుమ జాగ ఉన్నది, వెనకనున్న స్టోరు రూము చిన్నగైతది, అంతే అని చెప్పిన.

తెల్లారి వెనక గోడ, దానికి ఆనుకున్నంత మేర పక్క గోడలు తీసేసిన్రు. ఆ టైముకు నేను ఆఫీసుల ఉన్న. అద్దం, బటన్లు తీసేసి, లిఫ్ట్ జాగల ఉట్టి బూడిదరంగు డబ్బా పెట్టి, దాని మీద ఎర్రగ "ఇంకా ఖరారు కాలేదు" అని రాసిన. అనుకొనే పెట్టిన సింకులను, జనరేటరును కూడా గట్లనే చేసిన. మోడల్ చూసి డాక్టరమ్మ, దవాఖాన అట్టపెట్టెలు పేర్చినట్టున్నదని అన్నది. సారుకూ నచ్చలేదు. అయినా మార్చలేదు. లిఫ్ట్ కంపెనీ నుంచి కొలతలు వచ్చినంక ఎర్ర అక్షరాలు తీసి, అప్పుడు తలుపు గీసిన.

ఇప్పుడు ఆ దవాఖాన నడుస్తున్నది. లిఫ్ట్‌ల మంచం పడుతది, పక్కన ఇద్దరు నిలబడొచ్చు. స్టోరు రూము మాత్రం ఇరుకు. నర్సమ్మలు దాన్ని ఇప్పటికీ తిడుతరట.