మామ్మ వెనక్కి తీసుకున్న మొక్కు

ఆ రోజుల్లో నేను ఎక్కడ పడితే అక్కడ పడిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో బర్మాలో మా పజుండౌంగ్ వీధిలో నేను పడని చోటు లేదు. కూరల బండి మీద పడ్డాను, సైకిల్ రిక్షా దిగుతూ పడ్డాను, పక్కింటి పెళ్ళిలో అప్పుడే దింపిన గంజి గుండిగ పక్కన పడి మోచెయ్యి కాల్చుకున్నాను. (ఆ మచ్చ ఇంకా ఉంది. ఎవరైనా అడిగితే వంట బాగా వచ్చినదాని గుర్తు అని చెప్తాను.) తెలివొచ్చేసరికి నాలుక తెగి నోరంతా రక్తం, చుట్టూ జనం, ఏం జరిగిందో నాకు ఒక్క ముక్క తెలీదు. నాన్న నీరసమన్నాడు. మామ్మ, అంటే నాన్నని కన్నదీ నన్ను పెంచిందీ, అమ్మవారే వస్తోందని తేల్చేసింది. ఆ మాట వీధంతా పాకింది. ఒకసారి నేను కింద పడి కొట్టుకుంటుంటే ఎదురింటావిడ కర్పూరం వెలిగించి, "అమ్మా, మావోడికి సింగపూర్ ఉద్దోగం వస్తాదా రాదా?" అని అడిగిందట. నేనేం చెప్పానో తెలీదు. వాడైతే ఇంకా ఇక్కడే ఉన్నాడు.

అప్పుడు నేను మింగళ తౌంగ్‌న్యున్‌లో ఒక చిన్నపిల్లల బడిలో ఆయాకి ఎక్కువ, టీచరుకి తక్కువ. పిల్లలు మాత్రం నన్నూ 'సయామ' అనే పిలిచేవాళ్ళు, బర్మా భాషలో టీచరమ్మ అని. ఆ పిలుపుకి నాకు కడుపు నిండిపోయేది. ఒక మధ్యాహ్నం, బుగ్గలకి థనాఖా అనే చెట్టుబెరడు గంధం పూసుకున్న బొద్దు పాపనొకదాన్ని భుజానేసుకుని జోకొడుతూ పడిపోయాను. పాప తల బల్లకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, బొప్పి కట్టింది, అంతే. కానీ మర్నాడు బడి నడిపే పెద్ద సయామ నన్ను గుమ్మంలోనే ఆపి, "ఇదేమిటో డాక్టర్లు తేల్చి, మందు పడి, పర్వాలేదనే దాకా బళ్ళోకి రావద్దు, పిల్లల్ని ఎత్తుకోవద్దమ్మా" అంది. ఆవిడ నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. బయటికొచ్చి బడి గోడ పక్కన నిలబడి, లోపల పిల్లలు పాడుతున్న పాట వింటూ ఏడ్చాను.

ఆస్పత్రిలో డాక్టరు వీడియో ఈఈజీ చెయ్యాలన్నాడు. తలనిండా తీగలు అతికించి, ఎదురుగా కెమెరా పెట్టి, ఫిట్సు వచ్చేదాకా మంచం మీద ఉంచుతారట. వచ్చినప్పుడు మెదడులో ఏమవుతోందో, ఒంట్లో ఏమవుతోందో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇది మూర్ఛా, ఇంకోటా అన్నది తేలుతుందట. అప్పటికే అనుమానమ్మీద ఇచ్చిన మందులు ఎలా తగ్గించాలో ఆయనే చెప్పాడు. నూనె లేకుండా తలంటుకోవాలి, ముందువైపు బొత్తాలున్న చొక్కా తొడుక్కోవాలి, ముందురోజు నిద్ర తగ్గించాలి, ఫిట్సు ఇదివరకు చూసిన మనిషిని తోడు తెచ్చుకోవాలి, వచ్చిన వెంటనే ఆ మనిషి మంచం పక్కనుండే అలారం బొత్తం నొక్కాలి. చొక్కా నాన్నది దొరికింది. (అందులో నాలాంటివాళ్ళు ఇంకొకరు పడతారు.) తోడు మామ్మ. చిక్కల్లా నూనెతోనే వచ్చింది.

నా జుట్టు అప్పట్లో నడుం దాటేది. పుట్టినప్పట్నుంచీ మామ్మ చేతి ఆముదం తాగి పెరిగిన జుట్టది. నూనె లేని తలతో ఆడపిల్లని గడప దాటించడమంటే ఆవిడకి ప్రాణం ఒప్పదు. అయినా నేను షాంపూతో రుద్ది రుద్ది కడుక్కుని, ఆవిడ చేతికి అందకుండా తిరిగి, ఆస్పత్రికి బయల్దేరాను. అక్కడ తీగలు అతికించే బర్మా అమ్మాయికి మేం పెట్టుకున్న పేరు జిగురమ్మ. పాపం, ఒక్కొక్కటే ఓపిగ్గా అతికిస్తూ వచ్చింది. నడినెత్తి దగ్గరికి రాగానే తీగ సర్రున జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. వేళ్ళు వాసన చూసుకుని నా వంక చూసింది. నేను మామ్మ వంక చూశాను. మామ్మ కిటికీ వంక చూసింది.

"సుక్కే ఒలే! మాడు మీద ఒక్క సుక్క. తలకి కరెంటు పెడతారంటే మరి సల్లగా ఉండొద్దేటి?"

నిద్ర చాలక నేను టాక్సీలో కునుకు తీస్తుంటే రాసేసిందట. జిగురమ్మ "యా బా దే, యా బా దే" అని, అంటే పర్లేదు పర్లేదు అని పళ్ళు బిగించుకుని, నా తల మళ్ళీ కడిగి, అన్నీ మొదట్నుంచి అతికించి, పైన గుడ్డ చుట్టింది.

తర్వాత ఎదురుచూడటం. వీధిలో అడక్కుండా వచ్చిపడే ఫిట్సు, మందు తగ్గించి, కెమెరా పెట్టి రమ్మంటే రాదే! జిగురమ్మ రోజూ తలుపులోంచి తొంగిచూసేది, నేను సిగ్గుపడి లేదని తలూపేదాన్ని. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వార్డంతా "మీ లా బీ!" అని, కరెంటొచ్చిందోయ్ అని కేకలు పెట్టేది. నాకు రావలసింది మాత్రం రాలేదు. చివరికి డాక్టరు మంచం పక్కన కూర్చుని, రేపటితో ఆపెయ్యాలి, ఈ మంచం కోసం ఇంకొకరు చూస్తున్నారు, ఏమీ రికార్డు కాకపోతే నేను గట్టిగా ఏమీ చెప్పలేను అన్నాడు. ఆయన వెళ్ళగానే మామ్మ మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, గిన్నె ముందు పెట్టుకుని, "సూసినావా, మొక్కు పనిసేసింది" అంది.

"ఏం మొక్కు?"

"పరాయోళ్ళ ముందర రాకుండా సూడమ్మా, గుంట జుట్టు నీకిచ్చేస్తానని."

నాకు ఒళ్ళు మండిపోయింది. "రావాలి మామ్మా! ఇక్కడే రావాలి! రాకపోతే ఇదేంటో ఎవరూ చెప్పరు, చెప్పకపోతే నన్నా బళ్ళోకి రానివ్వరు. ఇంకో పాప తల పగిలితే నీ అమ్మవారొచ్చి అతికిస్తుందా?"

మామ్మతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు నేను. గిన్నె పక్కన పెట్టేసింది. "రావాలంటావేటే! అది వొస్తే నువ్వెలగుంటావో నీకు తెల్దు. సూసీది నాను" అంది.  తర్వాత లేచింది. కొంగు నడుముకి దోపుకుని, పజుండౌంగ్‌లో మా అమ్మవారి గుడి ఎటుందో చూసుకుని, కిటికీ దగ్గర చేతులు జోడించింది.

"అమ్మా, ఆ మొక్కు నానొగ్గీసినాను. ఒక్కపాలి పంపించు. పెద్దది వొద్దు, సిన్నది. గుంట జుట్టు ముట్టుకోకు, నాది తీసుకో. నాది పలసన, మరేటనుకోకు."

నేను దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు.

మర్నాడు పొద్దున టీ తాగుతుంటే వచ్చింది. నాకు తెలిసింది మామూలుగానే ఆ తర్వాతి సంగతి: నోట్లో రక్తం, బుగ్గ కింద మామ్మ అరచెయ్యి. సాయంత్రం డాక్టరు రికార్డు చూపించాడు. నా ఫిట్సు నేను చూడటం అదే మొదటిసారి. తెరమీద ఆ మొహం నాది కాదు. కళ్ళు పైకి పోయాయి, మూతి ఒక పక్కకి లాక్కుపోయింది, నాన్న చొక్కాలో ఎవరో గిలగిల్లాడుతున్నారు. చూడలేక పక్కకి చూస్తే అక్కడ మామ్మ ఉంది. బొత్తం నొక్కింది, నొక్కి ఇంక వదల్లేదు. నర్సులు పరిగెత్తుకొచ్చినా వదల్లేదు. ఏదో ఒకటే మాట అరుస్తోంది.

"ప్రార్థన చేస్తోందా పెద్దావిడ?" అని డాక్టరు అడిగాడు. చెవి పెట్టి విన్నాను.

"సాలమ్మా, సాలు. ఒక్కటన్నాను గదా. సిన్నదన్నాను గదా. సాలు, సాలు."

"చాలంటోంది" అని చెప్పాను డాక్టరుకి. అంతకంటే ఏం చెప్పను?

మూర్ఛేనని తేలింది. సరైన మందు కుదరడానికి చాలా నెలలు పట్టింది గానీ, కుదిరింది. పెద్ద సయామ నన్ను మళ్ళీ లోపలికి రానిచ్చిన రోజు ఆ బొద్దు పాపే ముందు చేతులు చాచింది. మామ్మ ఇంటికి రాగానే గుండు చేయించుకుని, గంధం పూసుకుని వీధంతా తిరిగింది. ఎవరైనా అడిగితే "సల్లగుంటాదని" అనేది.

ఆ జుట్టు మళ్ళీ పెరిగింది, తెల్లగా, పలచగా. ఇప్పుడు ఆదివారాలు ఆవిడ తలకి ఆముదం పెట్టేది నేనే. చెవుల మీదుగా కారేదాకా పోస్తాను. ఎదురుగా అద్దంలో గిన్నె పట్టుకున్న నన్ను చూస్తే అచ్చం ఇంకో మామ్మే, నవ్వొస్తుంది. "సాలే గుంటా, సాలు" అంటుంది మామ్మ. ఆ మాటకి నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది. తర్వాత ఇంకో చుక్క వేస్తాను.