వాగు దాటిన మూడో గన్ను

పోస్టుకు చేరింది మధ్యాహ్నం రెండుంబావుకి. లడఖ్, పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. ఎండ కాస్తోంది, అయినా సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. కిట్టు బస్తాతో బంకరు దాకా వెళ్లడానికి మూడుసార్లు కూర్చున్నాను.

నేను మూడో గన్ను డ్రైవర్ని. గన్నంటే లారీ వెనక కట్టి లాక్కెళ్లే ఫిరంగి అనుకుంటారు మా ఏలూరులో. ఇది సొంత ఇంజనుతో, ఇనుప చైన్ల మీద నడుస్తుంది. దాదాపు యాభై టన్నులు. లోపల ఐదుగురం.

మా గన్ కమాండరు పెంటపాడు రైతుబిడ్డ. మా నాన్నది ఏలూరులో డీజిలింజన్లు బాగుచేసే షెడ్డు. సైన్యంలో చేరకముందు నేను మండవల్లి వైపు చేపల చెరువులు తవ్వే చైను మిషను నడిపాను. అది విని కమాండరు నవ్వారు.

"అయితే నీకు బురద తెలుసన్నమాట. ఇక్కడ మంచే గానీ బురదెక్కడుందయ్యా?"

మంచు కురిసి కదల్లేని రోజుల్లో స్టవ్వు పక్కన ఆయన పాఠం చెప్పేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల్ని ఎక్కువగా గుర్రాలే లాగాయి. బురదలో గుర్రాలు చచ్చేవి, ఫిరంగి అక్కడే ఉండిపోయేది. రెండో యుద్ధం వచ్చేదాకా ఇరవై ఏళ్లు ఇదే తర్జనభర్జన. ట్రాక్టరుతో లాగి చూశారు. లారీ మీద ఎక్కించి చూశారు. ఒక దేశం ట్యాంకు ఒంటి మీదే ఫిరంగి బిగించింది, కొన్ని చేసి ఆపేసింది.

"ఎందుకాపారండీ?"

"నమ్మకం చాలకయ్యా. గుర్రాలే నయమన్నవాళ్లు చాలామంది. మిషను దిగబడితే ఎవరు తీస్తారన్నారు."

నవంబరులో ఒక ఉదయం అయిదున్నరకు ఆర్డరొచ్చింది. ఏడున్నరకల్లా నాలుగు గన్నులూ వాగు అవతలి మెరక మీద ఉండాలి. ఎదురు కొండ మీద మనవాళ్లు ఇరవై మంది ఉన్నారు. అవసరమొస్తే వాళ్లకు అండ మేమే. మైనస్ ఇరవై రెండు. ఇంజను వేడెక్కించడానికే నలభై నిమిషాలు పట్టింది.

మొదటి రెండు గన్నులూ గడ్డకట్టిన వాగు దాటాయి. వాటి బరువుకి మంచు పలక బీటలిచ్చింది. మేం నడిమధ్యకు రాగానే అది విరిగింది. కుడి చైను కింది ఒండ్రులోకి దిగిపోయింది. టైము ఆరూ యాభై. నాలుగోది మా వెనకే ఆగిపోయింది.

"రేసివ్వు! రేసివ్వు!" పైనుంచి, ఫిరంగి పేల్చే గన్నరు అరిచాడు.

నేను కాలు తీసేశాను.

"ఏవయ్యా, ఏం చేస్తున్నావ్?" హెడ్‌సెట్లో కమాండరు.

"ఏవండీ, రేసిస్తే బండి పొట్ట నేలకి ఆనిపోతుందండీ. ఇక అంతేనండీ. రాళ్లు పరవాలి. పావుగంట ఇవ్వండి."

రేడియోలో పై అధికారి గొంతు పలికింది. "మూడో గన్, ఎందుకాగారు?"

పావుగంటలో ఒండ్రు చైనులోనే గడ్డకట్టినా కట్టవచ్చు.

"రాళ్లు పరుస్తున్నాం. టైముకి ఉంటాం," అన్నారు కమాండరు.

అందరికంటే ముందు గన్నరే నీళ్లలోకి దూకాడు. నేను దిగి చూపించిన చోటల్లా రాళ్లు వేశారు. చేతితొడుగులు చిరిగి వేళ్ల నుంచి నెత్తురు కారింది. నేను సీట్లోకొచ్చి జానెడు వెనక్కి, ఆపి, జానెడు ముందుకి కదిపాను. మూడోసారి చైను రాయిని పట్టింది. ఏడూ పదికి గట్టెక్కాం. నాలుగోది మా రాళ్ల మీదుగానే వచ్చింది. ఏడూ ఇరవై ఆరుకి కమాండరు రేడియోలో అన్నారు: "మూడో గన్, రెడీ."

ఆ రోజు పేల్చే అవసరం రాలేదు. ఇరవై మందీ క్షేమంగా దిగొచ్చారు.

గన్నరు తన టీ మగ్గు నా చేతిలో పెట్టాడు. కమాండరు వాగుకేసి చూస్తూ, "గుర్రాల వాళ్లు చెప్పినట్టే దిగబడిందయ్యా. బయటికీ వచ్చింది," అన్నారు.

రెండేళ్లకు ఆ పోస్టు నుంచి బదిలీ అయ్యాను, తర్వాత సర్వీసు ముగించుకుని ఏలూరు వచ్చేశాను. ఇప్పుడు దెందులూరు దగ్గర కుర్రాళ్లకు చైను మిషన్లు నేర్పుతున్నాను. "ఎన్ని గుండ్లు పేల్చారండీ?" అని అడుగుతుంటారు. నాకు మాత్రం వాగు దాటిన ఆ రోజు మధ్యాహ్నమే కళ్ల ముందుంటుంది. మోకాలి లోతు మంచులో మా చైన్లు నొక్కిన రెండు దారులు వాగు దాకా సాగి ఉన్నాయి. ఎక్కణ్ణుంచో ఒక ముసలమ్మ మేకల మందతో వచ్చింది. కాసేపు ఆగి, ఆ దారిని కాలితో తట్టి చూసింది. తర్వాత మేకలు ఒకదాని వెనక ఒకటి అందులో దిగి, తాపీగా మేత ఉన్న వైపు నడిచాయి.