మామిడి పిందెల కింద గమనిక

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మంట. గుడివాడలో ఒక కాలేజీలో పిల్లలకి పైథాన్ చెబుతాను. చెప్పని పని కంప్యూటర్ చేసిందని ఎవరైనా అంటే, ముందు నువ్వేం టైప్ చేశావో చూసుకో అని కసురుతాను.

మా అక్కది పెడనలో కలంకారీ అద్దకం. బట్ట మీద ఒక డిజైన్ రావాలంటే మూడు నాలుగు చెక్క అచ్చులు ఒకదాని తర్వాత ఒకటి వెయ్యాలి. ఆదివారాలు వెళ్ళి నేనూ ఓ చెయ్యి వేసేదాన్ని. ఆ వివరాలన్నీ కంప్యూటర్లో పెట్టడం అక్కకి నేనే నేర్పాను. పైథాన్‌లో డిక్షనరీ అంటే పేరు అడిగితే వివరం ఇచ్చే పట్టిక. డిజైన్ పేరు కింద ఇంకో చిన్న డిక్షనరీ; అందులో అచ్చులు, రంగులు, చివర గమనిక. గమనికలు మాత్రం అక్కే రాసేది. బట్ట ఆరకుండా రెండో అచ్చు వెయ్యకు, లాంటివి. సగం నన్ను తిట్టినవే.

అక్క నిరుడు జ్వరంతో పోయింది.

నెల తిరక్కముందే, అచ్చులూ రంగులూ నేను విడిగా రాసుకున్న నా ఫైలూ అక్క ఫైలూ కలపబోయాను. తొందరలో అప్‌డేట్ అని కొట్టి, అక్క ఫైల్ మీదే సేవ్ చేశాను. అప్‌డేట్ లోపలికి దిగి చూడదు. రెండు చోట్లా ఒకే డిజైన్ పేరుంటే, పాత చిన్న డిక్షనరీని మొత్తం తీసేసి కొత్తది పెడుతుంది. నా దాంట్లో గమనికలు లేవు. అక్కవన్నీ పోయాయి. ఇంకో కాపీ లేదు. ఏటా బోర్డు మీద రాసి మరీ పిల్లలకి చెప్పే తప్పు! అక్క మాటలు నా చేత్తో నేనే చెరిపేశానని మూడు రోజులు అన్నం సయించలేదు.

ఆర్నెల్ల తర్వాత బావగారు కొత్తగా మామిడి పిందెల అచ్చు చెక్కించారు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో కూర్చుని దాని పేరూ రంగులూ నా ఫైల్లో ఎక్కించాను. ఈసారి ప్రతి డిక్షనరీ లోపలికీ దిగి, ఉన్నది చెరపకుండా లేనిది మాత్రమే చేర్చే ఫంక్షన్ రాశాను. అక్క ఫైల్‌తో కలిపినది వేరే ఫైల్లోకి వెళ్ళేలా పెట్టి, రన్ చేశాను.

మామిడి పిందెల కింద గమనిక ఉంది.

"అంచు దగ్గర మెల్లిగా కొట్టవే. నీ చెయ్యి బరువు."

నేను అచ్చు వేస్తే రంగు ముద్దవుతుందని అక్క తప్ప ఎవరూ అనలేదు.

"బావగారూ, ఇది మీరు రాశారా?"

"నాకు దాన్ని ఆన్ చెయ్యడమే రాదు కదమ్మా," అన్నారు. స్క్రీన్ వంక చూసి, మడత పెడుతున్న బట్ట అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయారు.

పాత రెండు ఫైళ్ళూ వెతికాను. ఆ వాక్యం రెంటిలోనూ లేదు. ఫంక్షన్ ప్రతి లైనూ చదివాను, తప్పు లేదు. నేనే రాసి మర్చిపోయానా అంటే, నన్ను నేనలా తిట్టుకునే రకం కాదు. అదెలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

మళ్ళీ ఎన్నిసార్లు రన్ చేసినా ఇంకోటి రాలేదు. కొత్త డిజైన్ ఎక్కించినప్పుడల్లా గమనిక అని రాసి, ఎదురుగా ఖాళీ వదులుతున్నాను. పిల్లలెవరైనా అలా వదిలితే ఎర్ర పెన్నుతో కొట్టేస్తాను. నేను మాత్రం వదులుతున్నాను. ఇంకొక్కసారి తిట్టవే అక్కా.