అలారం అక్క ఊళ్ళో లేని రోజు

మా మేడ కింద, వీధికన్నా నాలుగు మెట్లు దిగువన ఒక లాండ్రీ ఉంది. దాని యజమానురాలిని అందరూ అలారం అక్క అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆవిడ పలుకుతుంది కూడా.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ ఇదే షాపులో బట్టలు మడతపెట్టే పనికి చేరింది. పాత యజమాని ఓపిక తగ్గి అమ్మేస్తానంటే, గుండె దిటవు చేసుకుని తనే తీసుకుంది. కొత్త మోజులో కంప్యూటర్ పెట్టింది. ప్రతి బట్టకీ ఒక ట్యాగు. ఏ చొక్కా ఎవరిదో ఆ కంప్యూటర్‌కే తెలుసు. ఒకనాటి పొద్దున అది కాస్తా కళ్ళు తేలేసింది. షాపు నిండా ఉతికిన బట్టలు, ఒక్కదానికీ పేరూ ఊరూ లేదు. ఎవరివి వాళ్ళు వెతుక్కోండి అంటే జనం హ్యాంగర్ల మీద పడ్డారు. ఒక పెద్దమనిషి ఇంకొకరి పాంటు తొడుక్కుని చూసి, పొట్ట దగ్గర బిగుతుగా ఉన్నా సరే నాదేనని వాదించి, దానితోనే వెళ్ళిపోయాడు. ఆ పాంటు అసలు మనిషి చాలాకాలం పాటు వచ్చి, గుమ్మంలో నిలబడి, ఏమీ అనకుండా చూసి వెళ్ళేవాడు.

ఆ చూపు అక్కని మార్చేసింది. ఇప్పుడు షాపు వివరాల కాపీ ఒకటి రోజూ నెట్‌లోకి వెళ్తుంది. ఇంకోటి చిన్న డిస్కులో, మా ఇంట్లో నా పుస్తకాల అలమారాలో ఉంటుంది. ఆ రోజు ఇవ్వాల్సిన బట్టల జాబితా పొద్దున్నే కాగితం మీద అచ్చవుతుంది. మెయిన్ స్విచ్ వెనకగది నుంచి పైమెట్టు పక్కకి మారింది. ఇవన్నీ ఉంటే సరిపోదని, చేతులకి అలవాటు కావాలని, ఎవరికీ చెప్పకుండా ఉన్నట్టుండి ఈల ఊది "కరెంటు పోయింది!" అనో "కంప్యూటర్ చచ్చింది!" అనో అరుస్తుంది. ఆ ఉత్తుత్తి ప్రమాదంలోంచి అందరూ నిజంగా బయటపడాలి.

"ఏమమ్మా చెల్లెమ్మా, ఈసారి భూకంపమా? నేనే బల్ల పట్టుకుని ఊపనా?" అనేవాడు ఇస్త్రీ మాస్టారు. ఆవిడకన్నా ముందునుంచీ అక్కడున్న మనిషి, ఆ మాత్రం చనువుంది.

ఇంతలో అక్క మోకాలు మొరాయించింది. ఆపరేషన్ చెయ్యాలి, నెలన్నర మెట్లు దిగకూడదన్నాడు డాక్టరు. ఆవిడ వాయిదా మీద వాయిదా వేసింది. చివరికి వాళ్ళ అన్నయ్య షాపులోకే వచ్చి తగువు పెట్టుకున్నాడు.

"అమ్మేసి పడెయ్యవే. నువ్వు లేకుండా ఈ షాపు ఒక్క పూట నడుస్తుందా?"

"ఎందుకు నడవదు?"

"నీ ఈల లేకపోతే వీళ్ళు కాఫీ కూడా తాగరు."

అక్కకి రోషం వచ్చింది. "అయితే చూద్దువుగాని. రేపు నేను ఇక్కడే కూర్చుంటాను, కానీ ఊళ్ళో లేనట్టే. సాయంత్రం అయిదు దాకా నోరు విప్పను. విప్పితే తాళాలు నీ చేతిలో పెడతాను, అమ్ముకో. విప్పకపోతే ఆపరేషన్‌కి వెళ్తాను, షాపు వీళ్ళు చూసుకుంటారు."

మర్నాడు ఆవిడ బల్లమీద కూర్చుని, తెల్ల దుప్పటి ఒకటి నెత్తిమీదుగా కప్పేసుకుంది. కప్పుకునే ముందు ఒక చీటీ చూపించింది: కంప్యూటర్ చచ్చింది. కౌంటర్లో ఉండే మేనకోడలు, ఆ అన్నయ్య కూతురే, నిట్టూర్చి తెర ఆపేసి, కాగితం జాబితా తీసింది. నా వంతుగా నేను డిస్కు తెచ్చి, ఆ బల్లకే రెండో చివర కూర్చున్నాను.

వచ్చినవాళ్ళందరి కళ్ళూ దుప్పటి మీదే.

"ఎవరండీ ఆ కూర్చున్నది?"

"మా అత్త. ఊళ్ళో లేదు. మీవి రెండు చీరలు, ఒక కోటు. చూసుకోండి."

భోజనాల వేళ దాటాక వీధిలో తవ్వుతున్నవాళ్ళ గునపం ఎక్కడ తగిలిందో, నీళ్ళ గొట్టం ఢామ్మని పగిలింది. మెట్లమీంచి నీళ్ళు దూకాయి.

"నీళ్ళు! నీళ్ళొచ్చేస్తున్నాయి!" అని మాస్టారు కేకేశాడు.

దుప్పటి లోపల కిసుక్కున నవ్విన చప్పుడు. తనని నోరు విప్పించడానికి మాస్టారు నాటకమాడుతున్నాడనుకుంది. ఆ నవ్వు, చల్లటి నీళ్ళు పాదాలకి తగిలేదాకానే. దుప్పటి అంచు కొంచెం లేచింది. ఒక కన్ను కనిపించింది, ఇంత పెద్దదై.

మెషిన్లు చూసేవాణ్ణి అందరూ నురగ అంటారు. వాడు తిరుగుతున్న మెషిన్ ప్లగ్గు పీకడానికి నీళ్ళలోకి కాలెత్తాడు. అక్క నోరు తెరిచింది.

"ఆగరా నురగా! కాలు పెట్టావంటే చంపేస్తా! ముందు మెయిన్!" మేనకోడలు ఒక్క గెంతులో మెట్లెక్కి స్విచ్ దించేసింది. మెషిన్లు మూలిగి ఆగాయి. నురగ ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయాడు.

అక్క తెరిచిన నోరు మూసుకుంది. దుప్పటి మళ్ళీ కిందికి జారింది.

ఇక చూడాలి! ముందు కింది అర, తరవాత పై అర. వరస చెప్పేవాళ్ళు లేకుండానే బట్టలు చేతులు మారుతున్నాయి. మా ఇల్లు తెరవమని ఏ ప్రణాళికలోనూ లేదు. మేనకోడలే "బాబాయిగారూ, తాళం!" అంది. నా జన్మలో అంత వేగంగా మెట్లెక్కలేదు. నా మంచం, కుర్చీలు, అలమారా తలుపులు, అన్నిటికీ ఎవరెవరివో కోట్లు వేలాడాయి.

కిందికి దిగేసరికి కొత్త చిక్కు.

"అన్నీ రాసుకున్నాం గానీ, అత్తని ఎవరు మొయ్యాలో రాసుకోలేదే!"

"బల్లతో సహా లేపండమ్మా. ఊళ్ళో లేని మనిషి, బరువుండదు," అన్నాడు మాస్టారు. లేపాక మాత్రం "అబ్బో, ఉన్నట్టే ఉంది!" అన్నాడు.

దుప్పటి కప్పిన ఆకారాన్ని బల్లమీద మోసుకుని వీధిలోకి రాగానే జనం పక్కకి తప్పుకున్నారు. ఒకాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. సరిగ్గా అప్పుడే అక్క గట్టిగా తుమ్మింది. ఆయన టోపీ నీళ్ళలో కొట్టుకుపోయింది.

"తుమ్ము మాట కిందికి రాదు!" నురగ ఎలుగెత్తి చాటాడు.

కబురు తెలిసి అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. "షాపు మునిగిందటగా! చెల్లేదీ?"

"ఊళ్ళో లేదు నాన్నా. జరుగు, దారికి అడ్డం." మేనకోడలు తడిసిన కాగితం మీద వేలు కదుపుతూ, కాలిబాట మీదే ఎవరి మూట వాళ్ళకి ఇస్తోంది.

ఆయన బల్ల ముందు చతికిలబడ్డాడు. "పందెం లేదు, ఏం లేదు. మాట్లాడవే. దెబ్బేమన్నా తగిలిందా?" దుప్పటిలోంచి ఒక చెయ్యి వచ్చి ఆయన చెయ్యి నొక్కి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

అయిదయింది. దుప్పటి ఎగిరిపడింది. జుట్టంతా రేగి, మొహం ఎర్రబడి, అక్క వెలిగిపోతోంది.

"అన్నయ్యా, డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఈ వారంలోనే."

"ఇప్పుడా? షాపు చెరువైపోయి ఉంటే!"

"తోడుకుంటారులే. వాళ్ళు చూసుకుంటారు." కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసి, ఇంకా ఏదో చెప్పబోయింది.

మేనకోడలు చంకల నిండా దుప్పట్లతో వచ్చి నిలబడింది.

"అత్తా, కాస్త లే. ఆ బల్ల కావాలి."