చిన్న కోడలి రేకు డబ్బా

మా ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా నా తోడికోడలి దగ్గరికే పోతారు. హాలహర్వి పక్క పల్లెలో పదో తరగతితో బడి మానేసిన మనిషి. నేనేమో ఎమ్మిగనూరులో డిగ్రీ దాకా సూక్ష్మజీవుల గురించి చదివి, ఆదోనిలో ఈ పత్తి వ్యాపారుల ఇంటికి పెద్ద కోడలిగా వచ్చినదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కరైనా నా ముందు నోరు తెరిచి గొంతు చూపించిన పాపాన పోలేదు.

ఆమెకొక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. దగ్గు తగ్గగానే మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు అందులో వేస్తుంది. తర్వాత ఎవరు దగ్గితే వాళ్లకు అవే.

"ఇట్లా సగం సగం మింగితే మందుకు లొంగని క్రిములే మిగుల్తాయి. దగ్గినప్పుడల్లా అవే ఇంకొకరికి అంటుకుంటాయి" అని ఒకసారి అందరి ముందే అన్నాను.

"నువ్వు సెప్పేది బాగనే ఉంటాది లేక్కా. దగ్గేటోళ్లకు పాఠం కావల్లా, మాత్ర కావల్లా?" అంది. ఇల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మా ఆయన.

పోయిన పత్తి సీజన్లో అత్తమ్మకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు దుమ్ము అన్నారు. డబ్బాలోంచి రెండు రకాల మాత్రలు ఆమె నోట్లో పడ్డాయి. నాలుగో రోజుకు ఆయాసం. నేనే పోట్లాడి ఆసుపత్రిలో చేర్పించాను. న్యుమోనియా. తెమడ పరీక్షకు పంపారు. రిపోర్టులో, డబ్బాలోంచి వచ్చిన రెండు మందుల ఎదురుగానూ 'పనిచేయదు' అనే గుర్తే ఉంది. అత్తమ్మ బతుకుతుందా అన్న భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషమే. ఆ కాగితం తీసుకెళ్లి తోడికోడలికి గట్టిగా చదివి వినిపించాను. ఆమె ఏడ్చింది.

"ఆ డబ్బా వల్లే అని చెప్పలేమమ్మా. ఊరంతా ఇట్లనే మింగుతాండారు. ఈ క్రిమి ఎవరి దగ్గు నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు?" అంది డాక్టరమ్మ. ఆమె మీద కూడా నాకు కోపమొచ్చింది.

మందు మార్చాక అత్తమ్మ తేరుకుంది. ఇంకా కొన్ని రోజులు మాత్రలు వాడాలని చెప్పి ఇంటికి పంపారు. రెండో రోజే, నేను మాత్ర ఇవ్వబోతే మొహం తిప్పేసుకుంది.

"తగ్గింది గదా, ఇంకెందుకు?"

"మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతుంది, అత్తమ్మా."

"నువ్విస్తే పరీక్ష రాసినట్లుంటాది. సిన్నదాన్ని పిలువు. అదిస్తే మింగుతా."

వాదనకు నాకు మాటలు తక్కువ కాదు. కానీ నేను గెలిచేలోపు ఆమె మందు మానేస్తుంది. మాత్రల షీటు తీసుకెళ్లి తోడికోడలి చేతిలో పెట్టాను.

"చివరిదాకా వేయాలి. ఒక్కటి కూడా ఆ డబ్బాలో పడకూడదు."

"అట్లనే అక్కా."

రోజూ గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె పిలవగానే అత్తమ్మ చిన్నపిల్లలా నోరు తెరిచేది. చివరి మాత్ర మింగిన రోజు, ఖాళీ షీటు చూపించమన్నాను. తోడికోడలు చూపించింది. అత్తమ్మ ఆమె చెంప నిమిరింది.