జాలరి భుజం మీద ఎండ

బోర్డు గేములో వాడే బొటనవేలంత సైనికుడి బొమ్మకు నిన్న రంగులు వేస్తూంటే, టర్పెంటైన్ వాసనకు ఏలూరులో మట్టిబొమ్మలు చేసే మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

నా ఎనిమిదో ఏట ఆవిడ ఓ కొల్లేటి జాలరి బొమ్మ చేతికిచ్చి, "వీడి మీద ఎండ పడినట్టు వెయ్యమ్మా" అంది. ఎంత తెలుపైతే అంత ఎండ అనుకుని ఒళ్లంతా తెల్లరంగు పూసేశాను.

పెద్దమ్మ నవ్వలేదు. నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి, ఎండలో తన పిడికిలి బిగించి చూపించింది.

"ఎక్కడ మెరుస్తోందే?"

"వేళ్ల కణుపుల మీదే, పెద్దమ్మా."

"మరి అలాంటి చోటే వెయ్యి."

ఆ తెలుపు మీద ఒళ్లంతా గోధుమరంగు వేశాను. ఆరాక, అదే రంగులో కాస్త పసుపు కలిపి భుజాలకూ మోకాళ్లకూ సన్నటి గీతలు గీశాను. జాలరికి ప్రాణం వచ్చింది.

బొమ్మలు కొనడానికి వచ్చినాయన దాన్నే చేతిలోకి తీసుకుని, "ఇది మీరే వేశారాండీ?" అని అడిగాడు.

"కాదండీ, మా అమ్మాయండీ" అంది పెద్దమ్మ.

నా తప్పు దిద్దడం ఆవిడకు నిమిషం పని. కుంచె ముట్టుకోకుండా ఊరుకోబట్టే, ఆ జాలరి నా చేతిపనేనని ఈరోజుకీ గర్వంగా చెప్పుకుంటున్నాను.