నేర ప్రసారం

ఎనిమిదేళ్ళుగా ఇతరుల అబద్ధాల మీద వ్యాసాలు రాస్తున్నాను. రాసిన ప్రతిసారీ నా అబద్ధం ఒకదాన్ని బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో దాచుకుని రాశాను. బరువుగా ఉంటుంది అది. లేచి నిలబడనివ్వదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అత్త, అంటే నాన్నకు అక్క, నన్ను పెంచింది. అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్ళు. అప్పటికే అత్తకు భర్త పోయాడు. ఇక్కడే కర్ణాటకలో, శిడ్లఘట్ట దగ్గరి మెట్టినూరు వదిలి చింతామణికి, మా ఇంటికి వచ్చేసింది. దేవుడు లేడని వాదించడం నేను నేర్చుకున్నది ఆమె వండిన అన్నం తింటూనే. ఒక్కసారీ ఎదురు వాదించలేదు. "లేడంటే లేడులేప్పా, ముందు ముద్ద తిను" అనేది.

ముసలితనంలో తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. మా వైపు కొండ గుడిలో పొద్దుటి హారతిని ఒక కన్నడ చానెల్ రోజూ చూపించేది. మా కేబుల్లో అది రాదు. ఇంటర్నెట్ మీద టీవీ చానెళ్ళు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి నా కంప్యూటర్లో ఎక్కించి, లింకు వెతికి పెట్టాను. తెర మూలన కన్నడ అక్షరాల్లో 'నేర ప్రసార' అని ఉండేది. కన్నడంలో నేర అంటే నేరుగా, అప్పటికప్పుడు. తెలుగులో ఏమిటో మీకు తెలుసు.

"చూడత్తా, వాళ్ళే ఒప్పుకుంటాండారు, ఇది నేరమని."

"నీ నోట్లో మన్ను బడ! పక్కకు జరుగు, సామి కనపడలే" అని నవ్వింది.

హారతి వెలిగినప్పుడు తెర వైపు చేతులు చాచి కళ్ళకద్దుకునేది. నాకది సహించలేదు. వస్తున్న ప్రసారాన్ని రికార్డు చేసే బటన్ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఒకరోజు నొక్కాను. మర్నాటి నుంచి రోజూ ఆ రికార్డే పెట్టాను. మూలన ఆ రెండు మాటలూ అలాగే ఉన్నాయి కాబట్టి అత్త అది అప్పుడే జరుగుతున్నదనుకుంది. నిన్నటి హారతికీ నేటి హారతికీ తేడా తెలియని భక్తి ఏం భక్తి? బాగేపల్లి హేతువాద సభలో మాట్లాడటానికి నాకొక ఉదాహరణ కావాలి. అంతే. అంతేనా? ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఒక్కసారైనా వాదనకు తగినవాడిగా చూడలేదన్న ఉక్రోషం కూడా ఉందేమో.

పది రోజులయ్యాక అత్త అంది: "ఆ పచ్చచొక్కా ఆయప్ప దినామూ వస్తాండాడు చూడు. ఎంత భక్తో! ఇంట్లో పనీ పాటా లేదేమో పాపం."

ఈ మాట సభలో చెప్పాను. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

అత్తకు ఒక తోడికోడలు ఉంది, రత్నమ్మ. ఇద్దరూ ఒకే ఇంట్లో పట్టుపురుగులు పెంచారు. పొగాకు సోకితే పట్టుపురుగు బతకదు. ఒకసారి పురుగులన్నీ చచ్చిపోతే, రత్నమ్మ పొగాకు నలిపిన చేత్తోనే వాటికి మల్బరీ ఆకు వేసిందని అత్త పదిమందిలో అనేసింది. రత్నమ్మ కాదంది. మాటా మాటా పెరిగి, ఇక మాట్లాడితే కొండ మీద సామి మీద ఒట్టు అని ఇద్దరూ పెట్టుకున్నారు. వాళ్ళ లెక్కలో ఆ ఒట్టు ఊరికే పోదు. ఎవరి మీద పెట్టారో ఆ సామి ఎదుటే, రెండో మనిషి చూస్తుండగా, తీసి గట్టున పెట్టాలి. ముప్పై ఏళ్ళు ఇద్దరిలో ఎవరూ ముందుకు రాలేదు.

ఒక ఆదివారం రత్నమ్మ కోడలు నాకు ఫోన్ చేసింది. "అన్నా, మీ యత్త దినామూ హారతి చూస్తాదంట గదా. రేపు మా యత్త కొండకు పోతాంది. హారతప్పుడు కెమెరా ముందర రెండు చేతులూ ఎత్తి నిలబడతాదంట. ఒట్టు తీసేస్తాదంట. మీ యత్తను చూడమను. చూసినాక ఫోన్ చేయమను, మాట్లాడతాది."

అత్తకు చెప్పాను. మర్నాడు పొద్దున్నే తల దువ్వించుకుంది, ఉతికిన చీర కట్టించుకుంది. "నేను చూస్తాండేది ఆయమ్మకు కనపడదు గదా" అని తనే నవ్వుకుంది. తర్వాత, "ఆ పాపిష్టి మాట అనింది నేనేప్పా. పురుగుకు ఏ రోగం తగిలిందో ఎవురికి తెలుసు" అంది.

నిజమైన ప్రసారం పెట్టడానికి ఒక్క నొక్కు చాలు. నేను రికార్డే పెట్టాను.

మరిచిపోయి కాదు. తెలిసే పెట్టాను. ఇద్దరు మనుషులు కలవడానికి రాయి సాక్ష్యం ఎందుకు, ఇద్దరి ఇళ్ళలోనూ ఫోన్లున్నాయి, తెరలో కనపడకపోతే అత్త విసిగి తనే ఫోన్ అడుగుతుంది, ముప్పై ఏళ్ళ మూఢత్వం నా కళ్ళ ముందే తెగిపోతుంది, దాన్నీ సభలో చెప్పుకోవచ్చు అనుకున్నాను. ఆమెను బాగుచేస్తున్నాననుకున్నాను.

హారతి వెలిగింది. పచ్చచొక్కా ఆయన వచ్చాడు. అత్త మంచం మీద నుంచి ముందుకు వంగి ఒక్కొక్క ముఖమూ వెతికింది. చేతులు చాచలేదు. తెర నల్లబడ్డాక "ఆయమ్మ రాలేదప్పా" అంది.

ఫోన్ చేయమన్నాను.

"ఒట్టు తియ్యకుండా ఎట్ల మాట్లాడేది? ఆయమ్మకు ఇంకా కోపం కడుపులో ఉండాది."

మళ్ళీ కంప్యూటర్ పెట్టమని అడగలేదు. రత్నమ్మ కోడలు ఆ వారంలో రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు.

కంటితో చూసిందే నమ్మండి అని ఊరూరా చెప్పినవాణ్ణి. అత్త కంటితో చూసిందే నమ్మింది. ఆ కంటికి నేనేం చూపించాను?

నాలుగు నెలలకు ఆమె పోయింది. రత్నమ్మ పూలు పట్టుకుని వచ్చింది. గడప బయటే నిలబడి నన్ను పిలిచింది.

"అప్పా, ఒగ మాట నిజం చెప్పు. ఆపొద్దు నన్ను చూసినాదా మీ యత్త?"

చూడలేదంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి. వీధి నిండా మనుషులు. నా సభలకు వచ్చేవాళ్ళూ అందులో ఉన్నారు.

"చూసినాది" అన్నాను.

"చూసి కూడా ఫోన్ చేయలేదా. సరేలే." పూలు అరుగు మీద పెట్టింది. గడప దాటలేదు. బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయింది.

తోడికోడలు రాలేదనుకుని అత్త పోయింది. తనను చూసి కూడా అత్త కరగలేదనుకుని రత్నమ్మ బతుకుతోంది. ఇద్దరి మధ్యా ఒట్టు ఎప్పుడో తెగిపోయింది. అడ్డంగా నిలబడింది నేనొక్కణ్ణే.

ఇప్పటికీ నాకు దేవుడు లేడు. కాబట్టి ఇది ఆయనకు చెప్పుకోవడం కాదు. క్షమించేవాళ్ళు పైన ఎవరూ లేరని నేనే నా జీవితమంతా రుజువు చేస్తూ వచ్చాను. శిడ్లఘట్ట ఎంత దూరం? ఒక బస్సు. ఎక్కలేదు. మా తాలూకాల్లో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రత్నమ్మ కన్నడ పేపరు కూడబలుక్కుని చదువుతుంది. తెలుగు అక్షరం ఆమెకు రాదు. నేను రెండు భాషల్లోనూ రాయగలను. తెలుగులో రాశాను. ఎందుకో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు.

అయినా కాగితం మీద పెట్టాక ఊపిరి కొంచెం ఆడుతోంది. మిగిలింది ఒక్క మాట. ఆపొద్దు అత్త నిన్ను చూడలేదు రత్నమ్మత్తా. హారతి ఆరేదాకా నీకోసం వెతికింది.